ఆలస్యంగా వచ్చిన బొమ్మ

కొత్తగా పెళ్ళయిన దానికి కుళ్ళు పుట్టడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. నాకు ఒక కుర్చీ చాలింది.

అదేమీ సింహాసనం కాదు. చక్రాల మీద తిరిగే మామూలు ఆఫీసు కుర్చీ. చెయ్యి ఆనించే చోట రెక్సిన్ చిరిగి లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తుండేది. ఆ కుర్చీకి ఎదురుగా గోడకి ఆరు మానిటర్లు. వాటిలో ఊళ్ళోకెల్లా పెద్ద లైబ్రరీ తాలూకు గదులన్నీ గడులు గడులుగా కనిపించేవి. ఆ గదుల్లో ఏదో ఒకదాంట్లో, నిచ్చెన మీద, మా ఆయన. ఇంత చక్కటి దృశ్యాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నది మాత్రం నేను కాదు. ఆయన మరదలు.

ఆ ఏడాది వానలూ, పిల్లల పరీక్షల చదువులూ, ఈ లైబ్రరీ పనీ ఒక్కసారే మొదలయ్యాయి. ఎవరో పాత పుస్తకాల్లోంచి బొమ్మలున్న పేజీలు బ్లేడుతో కోసుకుపోతున్నారని, మూలమూలకీ కెమెరాలు పెట్టించాలని లైబ్రరీ వాళ్ళు నిర్ణయించారు. పని మా ఆయన సంస్థకి వచ్చింది. సంస్థ అంటే ఒక పాత వ్యాను, ఒక నిచ్చెన, ఆయన, ఆయన మేనమామ కూతురు. అంతే. ఆ అమ్మాయిని వాళ్ళింట్లో అందరూ డేగ అంటారు. చూపు అలాంటిది మరి. "అది రెండేళ్ళప్పుడే అటక మీద పంచదార డబ్బా ఎక్కడుందో చెప్పేది" అని మా అత్తగారు ఇప్పటికీ మేనకోడల్ని తలుచుకుని మురిసిపోతారు. "వాడూ అదీ కలిసి మా రేడియో విప్పేశారు. ఇప్పటి దాకా బిగించలేదు."

నాకు మురిపెంగా ఏమీ ఉండేది కాదు.

అలాగని నేను దిగులుగా ఉన్నాననుకోకండి. ఆ రోజుల్లో నాకు అన్నీ సంబరమే. ఒకే కప్పులో రెండు బ్రష్షులు తలలు ఆనించుకుని నిలబడితే సంబరం. తడిసిన ఆయన బూట్లలో పాత పేపరు కుక్కడం సంబరం. సగం తాగిన నా టీ ఆయన లాక్కుని తాగేస్తే పైకి విసుక్కుని, లోపల గంతులేసేదాన్ని. ఇంత సంబరంలోనూ పంటి కింద రాయిలా ఒకే ఒక్క సంగతి. నేనింకా ఆయన్ని "మీరు" దగ్గర నుంచి కదపలేకపోతున్నాను. ఆమె పుట్టినప్పట్నుంచీ "నువ్వు, బావా".

పైగా ఆ పని పద్ధతి ఒకటి. కెమెరా గోడకి బిగించాక దాన్ని తిప్పి సరైన చోటికి గురిపెట్టాలి. నిచ్చెన మీదున్న మనిషికి అది ఎటు చూస్తోందో తెలీదు. ఫోన్లో చూసుకోవచ్చు గానీ, స్క్రూలు బిగించేవాడికి ఉన్న రెండు చేతులే చాలవు. కాబట్టి ఒకరు పైన తిప్పుతుంటే, ఇంకొకరు మానిటర్ల ముందు కూర్చుని చెవిలో చెబుతూ ఉండాలి. కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆ, ఆగు. పరీక్షల కాలం కాబట్టి లైబ్రరీ మూసే ప్రసక్తి లేదు. బల్లలన్నీ నిండిపోయి ఉండేవి. లైబ్రరీ పెద్దావిడ ఒకే ఒక్క షరతు పెట్టింది: పని చేసుకోండి, చప్పుడు మాత్రం వినబడకూడదు. గోడలకి కన్నాలు వెయ్యడం లాంటివన్నీ పొద్దున్నే తలుపులు తియ్యకముందే కానిచ్చేయాలి. మిగతాదంతా గుసగుసల్లోనే. ఆవిడ ఎవర్ని చూసినా ముందు "ష్" అనేది, తర్వాతే నమస్కారం. అందుకని మేమంతా ఆవిడకి ష్ మేడం అని పేరు పెట్టుకున్నాం.

అంటే ఏమైంది? పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నా మొగుడి చెవిలో ఇంకో ఆడపిల్ల గుసగుస. దీన్ని ఉద్యోగం అంటారట.

ఆయనకి అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంటికొచ్చాక కూడా గొంతు పెరిగేది కాదు. భోజనాల దగ్గర "మంచినీళ్ళు" అని గుసగుసలాడితే అత్తగారు చెంచా ఆపి, "ఏరా, గొంతు పోయిందా, ఉద్యోగం పోయిందా?" అన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నా ఒళ్ళో తల పెట్టుకుని కునుకు తీస్తున్నారు. బయట వాన. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటూ ఆయన కనుబొమ్మలు సరిచేస్తున్నాను. అంతలో పెదాలు కదిలాయి. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, చాలు డేగా."

భుజం పట్టుకుని ఊపేశాను.

"ఏమైంది? ఇల్లు కారుతోందా?"

"కలలో కూడా ఆమేనా?"

ఆయన కళ్ళు నులుముకున్నారు. "పని ఆమెతో చేస్తుంటే కలలోకి ఎవరు రావాలి? ష్ మేడమా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో పెళ్ళయ్యాకే తెలిసింది.

మర్నాడు ఆయన గొడుగు మర్చిపోయి వెళ్ళారు. మర్చిపోయేలా తలుపు వెనక నిలబెట్టింది నేనే. ఒంటిగంటకల్లా ఆ వంకతో లైబ్రరీ మెట్లెక్కాను.

లోపల అంతమంది ఉన్నారని బయటి నుంచి ఎవరూ అనుకోరు. వందలాది పేజీలు తిరుగుతున్న చప్పుడు, పైన ఫ్యాన్ల చప్పుడు, అంతే. నిఘంటువుల బీరువాల పక్కన నిచ్చెన మీద మా ఆయన. గడ్డం కాలర్లోకి దించి చెవిలోని మైకుతో మాట్లాడుతున్నారు. "ఇప్పుడు? కనిపిస్తున్నానా?" అవతల ఏమందో గానీ, ఎడమ బుగ్గ మీద సొట్ట పడేలా నవ్వారు. ఆ నవ్వు నాదనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నా పేరు మీద రాసిచ్చిన నవ్వనుకుంటున్నాను.

"ష్!" అంది వెనక నుంచి ష్ మేడం.

"నేనేం మాట్లాడలేదండీ."

"గొడుగు" అంది ఆవిడ నేల వైపు చూపిస్తూ. నా చేతిలోని గొడుగు చుక్కలు చుక్కలుగా చప్పుడు చేస్తోంది.

దాన్ని చీర కొంగుతో చుట్టి, తేలు కుట్టిన దొంగలా వెనక గదిలోకి నడిచాను. ఒకప్పుడు పాత పత్రికలు కట్టలు కట్టిన గది అది. బంక వాసన ఇంకా పోలేదు. కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, వేరుశనగలు నములుతూ డేగ కూర్చుని ఉంది. చూపు మానిటర్ల మీద నుంచి తిప్పలేదు.

"రా అక్కా. గేటు దగ్గర గొడుగు దులిపినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా. అద్దాల తలుపులో చూసుకుని మూడు సార్లు జుట్టు సర్దుకున్నావు."

"రెండు సార్లే."

"మూడోది ఐదో కెమెరా ముందు."

ఒళ్ళు మండింది. కానీ ఆమె పిడికెడు వేరుశనగలు నా చేతిలో పోసి, పక్కన స్టూలు లాగి, ఎంత మామూలుగా చూపించడం మొదలుపెట్టిందంటే, మంట కాస్త వాయిదా వేసుకున్నాను. ఒక్కో మానిటరూ కొన్ని గడులు. ఒక్కో గడిలో ఒక గది. నాలుగో మానిటర్లో బొటనవేలంత మా ఆయన ఉన్నారు. డేగ మౌస్ తో ఒక్క నొక్కు నొక్కింది. మానిటరంతా ఆయనే అయిపోయారు. ముక్కు మీద చెమట చుక్కతో సహా.

"అమ్మో!" అన్నాను. "ఇలా రోజంతా చూడొచ్చా?"

"చూడకూడదు. ఒక్కర్నే చూస్తూ కూర్చుంటే మిగతా గదుల్లో పుస్తకాలు ఖాళీ అయిపోతాయి." మళ్ళీ నొక్కింది. ఆయన బొటనవేలయ్యారు. "ప్రతి కెమెరా రెండు బొమ్మలు పంపిస్తుందక్కా. ఒకటి నిండు బొమ్మ, ఒకటి పల్చటిది. చిన్న గడులకి పల్చటిది సరిపోతుంది. పెద్దగా చూడాలనుకున్న ఒక్కదానికే నిండుది పెడతాం."

"అన్నిటికీ నిండుదే పెట్టుకోవచ్చుగా?"

"ఆశకి అంతుండాలి" అని నవ్వి, మైకులో అంది, "బావా, నీకు గొడుగొచ్చింది. దాంతో పాటు ఒక మనిషి కూడా."

ఆయన తలెత్తి కెమెరాలోకి చూశారు. బుగ్గ మీద సొట్ట పడింది. నేను కూడా మానిటర్ కి ఎదురుగా నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. అది ఆయనకి కనపడదని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ నవ్వు నాకోసమే. కానీ నా దాకా రావడానికి ఆమె నోటి మీదుగా రావాల్సి వచ్చింది.

ఇంటికి తిరిగొస్తూ ఒకటే అనుకున్నాను. నాకు ఆ కుర్చీ కావాలి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, వాన అడక్కుండానే పెట్టింది. వానలు ముదిరి, లైబ్రరీ కింది అంతస్తులో, పాత పుస్తకాలు దాచే గదుల గోడలు చెమ్మ పట్టాయి. అక్కడ వేసిన కేబుళ్ళన్నీ తీసి వేరే దారిన వెయ్యాలి. ఒకరు లాగుతుంటే ఒకరు అందించాలి.

"డేగ కిందికి రావాలి" అన్నారు ఆయన, రాత్రి భోంచేస్తూ. "మరి మానిటర్ల దగ్గర ఎవరు?"

నోట్లో ముద్ద మింగకుండానే చెప్పాను. "నేనున్నాగా!"

"ఇంట్లో పనో?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "వెళ్ళనీరా. వంట నేను చూసుకుంటాలే. ఈ మధ్య పొయ్యి వెలిగించకుండానే ఇంట్లో పొగ వస్తోంది."

తలొంచుకుని మంచినీళ్ళు తాగాను. అత్తగార్లకి కెమెరాలు అక్కర్లేదు.

ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్నప్పుడు అటూ ఇటూ రెండు చుట్లు తిరిగాను. చిరిగిన స్పాంజిని వేలితో లోపలికి నొక్కాను. చెవిలో మైకు పెట్టుకోగానే ఆయన గొంతు, "అమ్మగారు సిద్ధమేనా?" అని, ఎంత దగ్గర నుంచంటే మెడ మీద గాలి తగిలినట్టు. లోకాన్ని గెలిచేశాననుకున్నాను.

పది నిమిషాల్లో సంగతి అర్థమైంది. కుర్చీ నాకు దక్కింది. ఆయన పక్కన చోటు ఆమెకి దక్కింది.

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఇంట్లో కూర్చుంటే ఊహించుకునేదాన్ని. ఇప్పుడు ఎదురుగా, బొమ్మతో సహా. ఇద్దరూ బీరువాల మధ్య నుంచి వస్తారు, వెళ్తారు, వంగుతారు. ఈ కెమెరాలకి చూపే గానీ వినికిడి లేదు. పని లేనప్పుడు వాళ్ళు మైకులు ఆపేసేవారు, బ్యాటరీ అయిపోతుందని. అప్పుడు మరీ నరకం. ఏదో అనుకుంటారు, తలలూపుకుంటారు. పల్చటి బొమ్మలో మొహాలు తడిగుడ్డతో తుడిచిన సుద్దముక్క రాతల్లా ఉండేవి. ఆయన నవ్వుతున్నారా, తుమ్ముతున్నారా తెలిసి చావదు. ఒక గడిని పెద్దది చేసేలోపు వాళ్ళు పక్క గడిలోకి నడిచేవారు. దాన్ని పెద్దది చేస్తే ఇంకో దాంట్లోకి.

ఆఖరికి ఒక్కో గడీ నొక్కి, పల్చటిదాన్ని తీసి నిండుది పెట్టుకుంటూ పోయాను. ఆరు మానిటర్లకీ. ఎంత తేలికో! గదులన్నీ కడిగినట్టు మెరిశాయి. పుస్తకాల వీపుల మీద అక్షరాలు. ఆయన చొక్కాకి నేను కుట్టిన గుండీ, దారం రంగు కలవనిది, అది కూడా కనిపించింది. మానిటర్ కి ముద్దు పెట్టబోయి చుట్టూ చూసి ఆగిపోయాను. ఆశకి అంతు ఎందుకుండాలో నాకైతే అర్థం కాలేదు.

ఆ తర్వాత నుంచీ పని వంకర పోవడం మొదలైంది.

"చెప్పు" అనేవారు ఆయన నిచ్చెన మీద నుంచి.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగండి! బాగుంది."

బాగుంది అనేసి, ఆయన నిచ్చెన దిగడం చూడ్డానికి పక్క గడిలోకి దూకేదాన్ని. ఆయన దిగడం నాకిష్టం. ఆఖరి మెట్టు మీద నుంచి చిన్నపిల్లాడిలా దూకుతారు. కానీ కాసేపటికి చూస్తే ఆ కెమెరా పక్క గోడకేసి చూస్తుండేది.

"నువ్వు ఆగమన్నప్పుడే ఆగాను కదా!"

"లేదు, మీరు దాటిపోయారు."

"నీ మాట ఆలస్యంగా వస్తోందేమో." ఆయన మైకు మార్చారు. బ్యాటరీ మార్చారు. స్క్రూలు వదులయ్యాయేమోనని చూశారు. ఒకరోజు ఒకే కెమెరాని నాలుగోసారి తిప్పుతూ, "నువ్వసలు తెర వైపు చూస్తున్నావా?" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీ వైపే చూస్తున్నా! ముందు నువ్వు దిగు!"

నాలుక కరుచుకున్నాను.

"మళ్ళీ అను" అన్నారు ఆయన మెల్లగా.

"ఏమని?"

"నువ్వు అని."

"నువ్వు" అన్నాను. ఒళ్ళంతా జల్లుమంది. "నువ్వు, నువ్వు, నువ్వు."

"మీ ఇద్దరికీ చిన్న మనవి" అంది మూడో గొంతు. "నా చెవిలో కూడా మైకుంది."

ఆ రోజంతా డేగ మళ్ళీ జోకెయ్యలేదు. నేను అది గమనించి, లోలోపల కాస్త సంతోషించాను కూడా.

వంకర గురి ఎంతో కాలం దాగలేదు. ష్ మేడం ఒక మధ్యాహ్నం తనిఖీకి వచ్చి, అపురూపమైన పుస్తకాల బీరువాని చూపించమంది. నేను గర్వంగా నొక్కాను. మానిటర్ నిండా ఫ్యాను. బీరువా ఆనవాలు కూడా లేదు. ఆవిడ విసవిసా హాల్లోకి వెళ్ళి, నిచ్చెన కింద నిలబడి, బతుకులో మొదటిసారి గొంతెత్తింది. "ఫ్యాన్ని ఎవరూ కోసుకుపోరండీ!"

హాల్లోని చదువరులంతా ఒక్కసారిగా తలలు తిప్పి, "ష్!" అన్నారు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "పరీక్షలయ్యేలోపు సరిచెయ్యండి" అని గుసగుసగా చెప్పి వెళ్ళిపోయింది. నేను చూసి చెప్పిన గురులన్నీ మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఆయన నిచ్చెన మడిచి గోడకి ఆనించారు. అది నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. డేగ ఉన్నప్పుడు ఇలా ఒక్కటి కూడా జరగలేదని ఎవరూ అనక్కర్లేదు, నాకు తెలుసు.

ఆ మర్నాడు కుండపోత. మధ్యాహ్నానికే దీపాలు వేశారు. కింది అంతస్తులో కేబుళ్ళ పని ఆ రోజుతో అయిపోవాలి. మైకులు ఆపేసి ఉన్నాయి. నేను కుర్చీ అంచుకి జరిగి, చూపంతా ఒకే గడిలో పెట్టి కూర్చున్నాను. చివరి బీరువా పక్కన ఇద్దరూ. ఆయన కేబుల్ కొస బిగించి, చేతులు దులుపుకున్నారు. డేగ ఏదో అంది. ఆయన పగలబడి నవ్వారు. ఆమె జుట్టులో చిక్కుకున్న సాలెగూడుని స్క్రూడ్రైవర్ కొసతో తీసి, ఆమె ముక్కు ముందు ఊపి, విసిరేశారు. తర్వాత ఆయన నిచ్చెన భుజానికెత్తుకుని, వెనక్కి చూడకుండా గడి దాటి వెళ్ళిపోయారు. డేగ అక్కడే నిలబడింది.

నా కుర్చీ వీపు మీద ఎవరిదో చెయ్యి పడింది.

"అక్కా, బ్యాటరీలు కావాలంట బావకి."

తల తిప్పాను. డేగ. మోచేతుల దాకా దుమ్ము, జుట్టులో పెన్సిల్, కింది నుంచి మెట్లెక్కి వచ్చిన ఆయాసం. మళ్ళీ మానిటర్ వైపు తిరిగాను. అక్కడ కూడా డేగ. చివరి బీరువా పక్కన, కదలకుండా.

గడిలో డేగ ఆయన వెళ్ళిన వైపే చూస్తోంది. నిండు బొమ్మ కదా, రెప్పలు కూడా కనిపిస్తున్నాయి. ఆ మొహంలో ఆ చురుకుదనం లేదు, ఆ వెటకారం లేదు. ఆ మొహం నాకు బాగా తెలుసు. పొద్దున్నే ఆయన వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడే మొహం. అది నాదని, నా ఒక్కదానిదే అని అనుకుంటుండేదాన్ని.

పక్కన డేగ కూడా చూస్తోంది. కుర్చీ వీపు మీద చెయ్యి తీయలేదు. గడిలోని అమ్మాయి కాసేపటికి మోచేత్తో మొహం తుడుచుకుని, జుట్టులోంచి పెన్సిల్ తీసి, ముడి బిగించి, మళ్ళీ గుచ్చుకుని, మెట్ల వైపు నడిచింది. బీరువా ఒక్కటే మిగిలింది.

"గడియారం చూశావా అక్కా?" అంది డేగ. గొంతు మామూలుగానే ఉంది. గడి మూలన కనిపించే టైముకీ, గోడ మీది టైముకీ పొంతన లేదు. "అన్నిటికీ నిండు బొమ్మ పెట్టావు కదూ. ఒక్కసారే అంత బరువు మొయ్యలేక మిషను వెనకబడిపోయింది. నువ్వు చూస్తున్నది ఎప్పుడో అయిపోయింది."

"నాకు తెలీదు" అన్నాను. దేని గురించి అన్నానో నాకే స్పష్టంగా లేదు.

"నేనే చెప్పాల్సింది." ఆమె వంగి, మౌస్ అందుకుని, ఒక్కో గడినీ మళ్ళీ పల్చటి బొమ్మకి మార్చడం మొదలుపెట్టింది. మొహాలన్నీ మళ్ళీ తుడిచిన సుద్దరాతలయ్యాయి. "బ్యాటరీలు నువ్వే తీసుకెళ్ళు. నాకు ఇక్కడ పనుంది."

నేను లేచాను. ఆమె కూర్చుంది.

మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చిందా, గెలిచిన పొగరొచ్చిందా, సరిగ్గా చెప్పలేను. ఆయన నిచ్చెన మీద కూర్చుని కాళ్ళూపుతున్నారు. "డేగ ఏది?"

"కుర్చీలో." బ్యాటరీలు అందించాను. గడుల సంగతి చెప్పాను, మిగతాది చెప్పలేదు. ఆయన విని విని, నిచ్చెన ఊగేలా నవ్వారు. "నా మొహానికి అంత కరువొచ్చిందా నీకు?"

"వచ్చింది. ఏం?"

గురులన్నీ మళ్ళీ పెట్టే రోజు, ముగ్గురం మానిటర్ల గదిలో నిలబడ్డాం. "కేబుళ్ళ పని అయిపోయింది" అన్నారు ఆయన. "కుర్చీలో ఎవరు?"

"అక్క" అంది డేగ వెంటనే.

"డేగ" అన్నాను నేను. "నేను నిచ్చెన పట్టుకుంటాను."

త్యాగం అనుకునేరు. కాదు. నిచ్చెన కింద నేనుంటే ప్రతి గడిలోనూ ఆయన పక్కన నేనూ ఉంటాను. చూస్తే ఇద్దర్నీ చూడాల్సిందే. డేగకి ఆ లెక్క అర్థమయిందని ఆమె పెదవి చివర కదలిక చెప్పింది. వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

పని చకచకా సాగింది. ఆమె "ఆగు" అంటే కెమెరా ఆగిన చోటే బీరువా. నేను రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, వీలు దొరికినప్పుడల్లా ఆయన బూటు లేసు కూడా సర్దుతూ, నా పని కన్నా ఎక్కువే చేశాను.

ఆఖరి రోజు టీ తాగడానికి వీధి అవతల కొట్టుకి పోయాం. చూరు మీద నుంచి వాన నీళ్ళు తాళ్ళలా దిగుతున్నాయి. డేగ గ్లాసు ఊదుకుంటూ, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. "బావా, ఇది అయ్యాక నేను వెళ్ళిపోతున్నా. పక్క ఊళ్ళో ఆసుపత్రికి మానిటర్లు చూసుకునే మనిషి కావాలట."

ఆయనకి పొలమారింది. "అదేంటి? మరి మన సంస్థ?"

"మీ సంస్థ" అంది. "అక్క నేర్చుకుందిగా."

"ఇది నేర్చుకోవడమా? ఫ్యాన్లకి కాపలా పెట్టింది!"

"ఇక పెట్టదులే."

ఆయన వాదించారు. బతిమాలారు. అలిగి టీ పక్కన పెట్టేశారు. నేను మూడు రోజులు పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా ఆ మొహం అంత చిన్నబోలేదు. అది చూసి, ఆ కుర్చీ ఇక పూర్తిగా నాదే అని తెలిసిన క్షణంలో కూడా, నాకు మళ్ళీ కుళ్ళే వచ్చింది. ఈ గుణానికి మందు లేదేమో. డేగ మాత్రం వానకేసి చూస్తూ టీ పూర్తి చేసింది.

చివరి కెమెరా పెద్ద హాలు చివర. అది గురి చూడాల్సింది వెనక తలుపుని. ఆయన పైకెక్కారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. చెవుల్లో డేగ.

"బావా, కుడికి. ఇంకొంచెం. ఆగు. స్క్రూ బిగించు." తర్వాత, "అక్కా, నువ్వు కాస్త ఎడమకి జరుగు."

జరిగాను.

"ఇంకొంచెం."

నిచ్చెన మీద ఒక్క చెయ్యే ఆనింది.

"ఇంకొంచెం అక్కా."

చెయ్యి తీసేశాను. "నిచ్చెన వదిలేశావేం?" అన్నారు ఆయన పై నుంచి. "గట్టిగా పట్టుకో, ఒక్క క్షణం" అని, నేను ఇంకా జరిగాను. కిటికీ దాకా, స్తంభం వెనక దాకా. వెనక తలుపుకి నేను ఎక్కడా అడ్డం కాదని నాకు తెలుసు. ఇన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను కదా. ఎదురు గోడ మీద ఇంకో కెమెరా ఉంది. నిచ్చెన మొత్తం కనిపించేది దాంట్లోనే. ఆమె నన్ను జరుపుతున్నది ఆ గడిలోంచి.

స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను. కిటికీ అద్దం మీద వాన. కడుపులో మంట మండుతూనే ఉంది, చల్లారిందని అబద్ధం చెప్పను. ఒక్క అడుగు వేస్తే మళ్ళీ గడిలో ఉంటాను. వెయ్యలేదు.

ఆయన పైన స్క్రూ తిప్పుతూ, "డేగా, ఉన్నావా?" అన్నారు.

"ఉన్నాను బావా. కదలకు."

ఆయన కదల్లేదు. కెమెరా గురి కోసమే అనుకుని, ఊపిరి కూడా బిగబట్టి నిలబడ్డారు.

"ఆ. బాగుంది" అంది చివరికి. "ఇక చాలు." కొంచెం ఆగి, ఆ మైకులో మొదటిసారి, గుసగుసగా కాకుండా మామూలు గొంతుతో అంది. "అక్కా, వచ్చి పట్టుకో. పడిపోతాడు."

పరుగెత్తుకుంటూ వెళ్ళి పట్టుకున్నాను.